స్ట్రిప్ క్లబ్ స్టేజ్ సెట్‌కి మాటల్లేని మ్యూజిక్: ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ కత్తిరించాలి?

డల్లాస్_డెక్

డల్లాస్‌లో ఒక క్లబ్‌కి శుక్ర, శని రాత్రులు డీజేని. ఒక్కో డాన్సర్‌కి స్టేజ్ మీద రెండు పాటలు, ఏ పాటా మూడు నిమిషాలు దాటకూడదని మేనేజర్ రూలు. ఈమధ్య ఇద్దరు డాన్సర్లు మాటల్లేని మ్యూజిక్కే కావాలంటున్నారు. ర్యాప్‌లో ఆడవాళ్ల మీద వచ్చే మాటలు చెవిన పడితే ఒకామెకి ఏకాగ్రత పోతుందట. రెండో ఆమెది పాత బర్లెస్క్ తరహా: పొడుగు గ్లవ్స్, ఈకల విసనకర్ర, నింపాదిగా ఒక్కొక్కటీ తీయడం.

లోఫై బీట్లు, సినిమా బీజీఎంలు, హిట్ ర్యాప్ పాటల ఇన్‌స్ట్రుమెంటల్స్ వేశాను. మొదటి నిమిషం బాగానే ఉంటుంది. తర్వాత స్టేజ్ చుట్టూ కూర్చున్నవాళ్లు ఫోన్లు తీస్తున్నారు. పోల్ ఎప్పుడెక్కాలో డాన్సర్‌కి తెలియడం లేదు. నేను మైక్‌లో పేరు చెబితే శాక్సఫోన్‌తో కలిసి గందరగోళం. ఇవి చాలవన్నట్టు కింద టేబుళ్ల దగ్గర ప్రైవేట్ డాన్సులకి ఎన్ని పాటలయ్యాయో అని గొడవలు.

సెరాటో (డీజే సాఫ్ట్‌వేర్) వాడతాను. హౌస్ సిస్టం మోనో (ఎడమ, కుడి కలిసి ఒకే సౌండ్), రెండు 18 అంగుళాల సబ్‌లు (లోతైన బేస్ స్పీకర్లు). టెంపో ఎంతుండాలి, ఎక్కడ కత్తిరించాలి, ఫైళ్లు ఎక్కడ కొనాలి?

---

నడక_ముఖ్యం

జానర్లు మార్చుకుంటూ పోతే తేలదు బ్రో. పాటలో గొంతు ఒక పని చేస్తుంది, మనం పట్టించుకోం. పల్లవి మళ్లీ వచ్చిందంటే ఎక్కడున్నామో చూసేవాడికీ తెలుస్తుంది, ఆడే మనిషికీ తెలుస్తుంది. గొంతు తీసేస్తే ఆ గుర్తులన్నీ పోతాయి. వాటిని వాయిద్యాలే పెట్టిన ట్రాక్ కావాలి. 8 బార్లకోసారి (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం) ఏదో ఒకటి వచ్చి చేరాలి, లేదా తప్పుకోవాలి. మార్పు ముందు డ్రమ్ రోలో, ఒక బార్ నిశ్శబ్దమో, సింబల్ దెబ్బో ఉండి "ఇదిగో వస్తోంది" అని చెప్పాలి.

పరీక్ష తేలిక. స్క్రీన్ చూడకుండా వినండి, మారిందనిపించిన ప్రతిసారీ కాగితం మీద గీత పెట్టండి. మూడు నిమిషాలకి 5 నుంచి 7 గీతలు పడితే పనికొస్తుంది. రెండే పడితే అది చదువుకునేటప్పుడు పెట్టుకునే మ్యూజిక్. లోఫై మీకు అక్కడే దెబ్బతింది. పైగా దాని కిక్, స్నేర్ (డ్రమ్ దెబ్బలు) కావాలనే మెత్తగా ఉంటాయి, క్లబ్ సందడిలో వినపడవు. పోస్ట్-రాక్‌ది వేరే జబ్బు: ఏడు నిమిషాల పాటు పెరుగుతూ పోయి చివర్లో విరుచుకుపడుతుంది, మీకున్నది మూడు.

హిట్ ర్యాప్ ఇన్‌స్ట్రుమెంటల్ ఎందుకు బోసిగా ఉంటుందంటే, నిర్మాత మధ్య ఫ్రీక్వెన్సీలని గొంతు కోసం ఖాళీగా వదిలాడు. గొంతు లేకపోతే మిగిలేది 808 డ్రమ్ మెషీన్ బేస్, హైహ్యాట్లు (చిన్న సింబల్స్). మొదటి నుంచీ వాయిద్యాల కోసమే చేసిన ట్రాకులు వెతకండి: ట్రిప్-హాప్, డౌన్‌టెంపో, ఇన్‌స్ట్రుమెంటల్ హిప్-హాప్, సింథ్‌వేవ్, ఆర్గన్ ఫంక్, స్లో బ్లూస్. లీడ్ వాయిద్యం ఒకటి పల్లవిలా తిరిగి తిరిగి రావాలి.

టెంపో సంగతి. మొదటి పాటకి 95–110 బీపీఎం (నిమిషానికి దెబ్బలు): ప్లాట్‌ఫాం హీల్స్‌తో స్టేజ్ చుట్టూ నడవడానికి సరిపోతుంది. రెండోదానికి 70–85, లేదా 140లో సగం నడక. 120–128 హౌస్ కూడా పనిచేస్తుంది కానీ అప్పుడు డాన్సర్ రెండు దెబ్బలకొక కదలిక చొప్పున వెళ్లాలి. ప్రతి దెబ్బకీ కదిలితే ఏరోబిక్స్ అయిపోతుంది. 60 దగ్గర తిశ్రగతిలో ఉండే స్లో బ్లూస్‌ని చాలామంది మర్చిపోతారు. ప్రతి దెబ్బలో మూడు ముక్కలు ఉంటాయి కాబట్టి ఎంత నిదానంగా కదిలినా ఖాళీ అనిపించదు.

ఇక కత్తెర. నాలుగు దెబ్బల బార్ అయితే 240ని బీపీఎంతో భాగించండి, బార్‌కి సెకన్లు వస్తాయి. 80 దగ్గర 3 సెకన్లు, 96 దగ్గర 2.5, 120 దగ్గర 2. అంటే 80 బీపీఎంలో మూడు నిమిషాలకి సరిగ్గా 60 బార్లు. వాటిని ఇలా పంచితే బాగుంటుంది: ఎత్తుగడ 4 బార్లు, నడక, ఫ్లోర్‌వర్క్ (నేల మీద కదలికలు) కలిపి 16, ఊపు ఎక్కించడం 8, పెద్ద భాగం 16, ఊపిరి 4, చివరి భాగం 12. పెద్ద భాగం 1:24కి మొదలై 2:12కి అయిపోతుంది. ఈ లెక్కలో అందరూ పొరపడేది ఎత్తుగడ దగ్గరే. యాంబియంట్ ఇంట్రో నిమిషం పాటు సాగితే ఆమె మెట్లెక్కి వచ్చి నిలబడి ఎదురుచూడాలి. 10–15 సెకన్లకి మించనీయకండి.

ఆడాసిటీ (ఉచిత ఆడియో ఎడిటర్) చాలు. కత్తిరింపు బార్ మొదటి దెబ్బ మీద, జీరో క్రాసింగ్ (తరంగం సున్నా దాటే చోటు) దగ్గర. అతుకుకి 10–20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరగడం). పోయిన బార్ నుంచి రివర్బ్ (ప్రతిధ్వని) తోక మిగిలి ఉంటే అతుకు వినపడుతుంది, అలాంటప్పుడు సింబల్ దెబ్బ ఉన్న చోటికి కోత జరపండి. చివర ఫేడ్ ఔట్ వద్దు, ముక్తాయింపు కావాలి. ఒక్క దెబ్బతో ఆగితే చప్పట్లు పడతాయి. ఫేడ్ అయితే చూసేవాళ్లకి ఎప్పుడు కొట్టాలో తెలియదు, డబ్బు తీసిన చేయి మళ్లీ జేబులోకి పోతుంది.

---

ఉక్కుకడ్డీ

పోల్ నేర్పే వైపు నుంచి చెబుతాను, డెక్ గారూ.

ముందు ఒక ప్రశ్న: మీ పోల్ స్టాటిక్‌లో (కదలకుండా) ఉందా, స్పిన్‌లోనా (తిరిగేలా)? చాలా పోల్స్ రెండు రకాలుగానూ మారతాయి, డాన్సర్ ఏది వాడుతుందో అడగండి. స్టాటిక్ పోల్ మీద ప్రతి ట్రిక్కూ ఒకటి, ఒకటిన్నర చుట్టుతో ఆగిపోతుంది. దానికి తెగినట్టు వినపడే బీట్ కావాలి. స్పిన్ పోల్ వేగం మ్యూజిక్ మాట వినదు, ఒళ్లు దగ్గరికి ముడిస్తే పెరుగుతుంది, కాళ్లు చాపితే తగ్గుతుంది. దాని మీద గట్టి బీట్ పెడితే ప్రతి క్షణం తాళం తప్పినట్టే కనపడుతుంది. అక్కడ పొడుగు స్వరాలు: సింథ్ ప్యాడ్లు, చెల్లో, ఆగి ఆగి పలికే గిటార్.

పైన చెప్పిన 60 బార్ల లెక్కతో నాకు పేచీ ఉంది. 1:24కి పెద్ద భాగం అన్నది వినడానికి బాగుంటుంది. కానీ ఇది రెండో పాట, అప్పటికే మూడు నిమిషాలు 7 అంగుళాల హీల్స్‌లో నడిచి ఉంటుంది, అరచేతులు చెమట పట్టి ఉంటాయి. తలకిందుల ట్రిక్కులు పట్టు తాజాగా ఉన్నప్పుడే చేయాలి. రెండో పాటలో పెద్ద భాగాన్ని 0:40–0:50కే తెచ్చి, మిగతాదంతా ఫ్లోర్‌వర్క్‌కి వదిలితే మంచిది. నిజానికి డబ్బు పడేది ఆ ఫ్లోర్ భాగంలోనే: అంచున కూర్చున్నవాళ్ల దగ్గరికి పోయి, కళ్లలోకి చూసి, నోటు తీసుకుని, పక్కవాళ్ల దగ్గరికి జరగడం. అందుకని చివరి నిమిషంలో మ్యూజిక్ ఆమెని తొందరపెట్టకూడదు. ఒకే నడకలో, లోతైన బేస్‌తో సాగాలి. అక్కడ కొత్త డ్రాప్ (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) పెట్టారంటే ఆమె నోట్లు వదిలేసి పోల్ వైపు పరిగెత్తాలి.

ఎక్కడానికి 8 దెబ్బలు లెక్క వేసుకోండి, బాగా వచ్చినవాళ్లకి 4 చాలు. డ్రాప్ కన్నా కనీసం రెండు బార్ల ముందు గుర్తు వినపడకపోతే డ్రాప్ పడేసరికి ఆమె ఇంకా సగంలో ఉంటుంది.

ఇంకొకటి, 2, 4 దెబ్బల మీద క్లాప్ గానీ స్నేర్ గానీ స్పష్టంగా ఉండాలి. హీల్స్ రెండూ టప్‌మని కొట్టేది, కాలు నేలకి దించేది వాటి మీదే. బ్రష్షులతో వాయించిన జాజ్ డ్రమ్స్ మీద ఆ కొట్టుడు ఒంటరిగా, యాక్సిడెంట్‌లా వినపడుతుంది.

---

నడక_ముఖ్యం

ఉక్కుకడ్డీ గారూ, ఒప్పుకుంటున్నాను. నా లెక్క మొదటి పాటకి ఉంచుకుని, రెండోదానికి మీరు చెప్పినట్టు ముందుకి జరపాలి. ట్రాక్‌లో పెద్ద భాగం ఆలస్యంగా వస్తే మధ్యలో ఒక 12 బార్లు ఎత్తేస్తే సరి, 80 బీపీఎంలో 36 సెకన్లు ముందుకొస్తుంది.

---

మోనో_మామ

ఎవరూ సౌండ్ ఊసెత్తలేదు. మోనో సిస్టం అన్నారు కదా, మీ సినిమా బీజీఎంలు సగం అక్కడే చచ్చిపోయి ఉంటాయి. వెడల్పుగా పరిచిన సింథ్‌లు, స్ట్రింగ్స్, స్టీరియో కోరస్ వేసిన గిటార్‌లు ఎడమ, కుడి తరంగాల ఫేజ్ తేడాతో ఆ వెడల్పు తెచ్చుకుంటాయి. రెండూ కలిపేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హెడ్‌ఫోన్‌లో సముద్రంలా ఉన్నది క్లబ్‌లో కిక్, బేస్ మాత్రమే అయిపోతుంది. పాటలో అయితే గొంతు నడిమధ్యలో ఉంటుంది కాబట్టి మోనోలోనూ నిలుస్తుంది. మాటల్లేని ట్రాక్‌కి ఆ రక్షణ లేదు. ఆడాసిటీలో స్టీరియోని మోనోగా మిక్స్ చేసి వినండి. ప్రధాన స్వరం సన్నబడితే ఆ ట్రాక్ వదిలేయండి, ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలు పెంచి తగ్గించేది) తిరిగి రాదు.

లౌడ్‌నెస్ రెండో సంగతి. క్లబ్ ట్రాకులు -8 లఫ్స్ (లౌడ్‌నెస్ కొలత) దగ్గర ఉంటాయి, ఆర్కెస్ట్రా బీజీఎంలు -18, -20 దగ్గర. ముందు డాన్సర్ ర్యాప్ సెట్ అవగానే ఇది పడితే సిస్టం పాడైందనుకుంటారు. గెయిన్ ముందే సరిచేసి సేవ్ చేసుకోండి. ట్రాక్ లోపల కూడా చూసుకోవాలి: మెల్లని భాగం పెద్ద భాగం కన్నా 6 డీబీకి మించి తగ్గితే క్లబ్‌లో గ్లాసుల చప్పుడు పైకొస్తుంది. మెల్లని భాగాన్ని మాత్రం పట్టుకుని 3–4 డీబీ లేపండి, మొత్తానికి కంప్రెసర్ వేస్తే ఎక్కించడం అనేదే చదునైపోతుంది.

మైక్ గందరగోళానికి కారణం: మాట తెలిసేది ముఖ్యంగా 1–4 కిలోహెర్ట్జ్‌లో. శాక్సఫోన్, లీడ్ గిటార్, ట్రంపెట్ కూర్చునేదీ అక్కడే. పేరు చెప్పడం ఎత్తుగడ 4 బార్లలోనో, డ్రమ్స్, బేస్ మాత్రమే ఉన్న చోటో ముగించండి. మ్యూజిక్ 6–8 డీబీ దించండి, మైక్‌కి 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ వేయండి. లీడ్ మొదలయ్యాక నోరు మూసుకోవడమే ఉత్తమం.

యూట్యూబ్ నుంచి దించిన ఫైళ్లు మాత్రం వద్దు. ఇంత పెద్ద సిస్టం మీద తేడా పిల్లాడికైనా తెలుస్తుంది: హైహ్యాట్లు నీళ్లలో వాయించినట్టు ఉంటాయి. వేవ్ గానీ 320 ఎంపీ3 గానీ.

---

పాతపాటల_పిచ్చి

ఇంత దూరం ఎందుకు, మన జ్యోతిలక్ష్మి, జయమాలిని కాలం నాటి క్లబ్ పాటల్లో ఇంటర్‌లూడ్స్ తీసి అతికిస్తే? ఆ బాంగో, ట్రంపెట్, ఎలక్ట్రిక్ గిటార్… డల్లాస్‌లో ఎవరూ విని ఉండరు కూడా!

---

మోనో_మామ

సరదాగా ఉంటుంది, కుదరదు. ఇంటర్‌లూడ్ 15–30 సెకన్లు, అందులోనే నడక రెండు సార్లు మారుతుంది. ఐదారు ముక్కలు అతికినా శ్రుతి, టెంపో కలవవు, అప్పట్లో క్లిక్ (మెట్రోనోమ్) లేకుండా వాయించారు కాబట్టి బీట్ గ్రిడ్ కూడా నిలవదు. ఆ రికార్డింగుల్లో కింద బేస్ తక్కువ, సబ్‌లు ఖాళీగా కూర్చుంటాయి. పైగా హక్కులు ఆడియో కంపెనీలవి. ఆ రుచి కావాలంటే సర్ఫ్ గిటార్ ట్రాకులు తీసుకోండి, ఆ క్లబ్ పాటల గిటార్‌కి దగ్గర చుట్టమే.

---

ఈకల_విసనకర్ర

బర్లెస్క్ డాన్సర్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆమె లెక్క వేరు. పోల్ లేదు, ఒక్కో గ్లవ్‌కి 8 బార్లు పడుతుంది. కుడి గ్లవ్, ఎడమ గ్లవ్, జిప్, స్టాకింగ్స్: ఏ ఏ వస్తువులు తీస్తుందో ఆమెని అడిగి రాసుకుని, అన్ని సంగీత వాక్యాలున్న ట్రాక్ వెతకాలి. ప్రతి వాక్యం చివర బ్రాస్ గానీ డ్రమ్ గానీ ఒక దెబ్బ వేయాలి, తీసిన వస్తువు విసిరేది ఆ దెబ్బ మీద. అందుకే ఈ తరహాకి బిగ్ బ్యాండ్, 50ల నాటి ఆర్ అండ్ బీ శాక్సఫోన్ అంత బాగా అతుకుతాయి. ప్రశ్న, జవాబు పద్ధతిలో రాసినవి అవి.

డేవిడ్ రోజ్ "ద స్ట్రిప్పర్" మాత్రం వేయకండి, ఆమె అడిగితే తప్ప. 1962లో అమెరికాలో నంబర్ 1 అయిన దగ్గర్నుంచి టీవీ కామెడీల్లో ఎంత వాడారంటే, ట్రాంబోన్ జారగానే జనం నవ్వడం మొదలెడతారు. నవ్వించే నంబర్ అయితే బంగారం. మోహం పుట్టించాల్సిన నంబర్‌కి 1939 నాటి "హార్లెం నాక్టర్న్" మేలు. దాన్ని చాలామంది రికార్డు చేశారు, డ్రమ్స్ గట్టిగా ఉన్నది ఎంచుకోండి. కొంచెం వేగం కావాలంటే 1962 నాటి "గ్రీన్ ఆనియన్స్": ఆర్గన్, గిటార్ వంతులవారీగా వస్తాయి, 12 బార్ల చుట్టు కాబట్టి డాన్సర్‌కి చెప్పకుండానే దారి తెలుస్తుంది. 12 బార్ల బ్లూస్‌ని కత్తిరించేటప్పుడు మాత్రం 8 బార్ల అలవాటు పక్కన పెట్టండి. చుట్టు మొత్తం తీయాలి, లేదా మొత్తం ఉంచాలి. మధ్యలో కోస్తే శ్రుతి తెలియనివాడికి కూడా ఏదో జారినట్టు ఉంటుంది.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సిందొకటి ఉంది. లౌంజ్, ఓరియంటల్ చిల్ పేరుతో అమ్మే వాటిలో సంస్కృత మంత్రాలో, ఆలాపనలో ముక్కలు కలిపినవి దొరుకుతాయి. డాన్సర్‌కి అది సౌండ్ మాత్రమే. మీకు తెలుసు కదా, చివరిదాకా విని పక్కన పెట్టేయండి.

---

డల్లాస్_డెక్

అందరికీ థాంక్స్, చాలా దొరికింది. పోల్ రెండు రకాలుగానూ మారుతుందట, ఆమె స్పిన్‌లోనే పెడుతుంది, అదీ సంగతి. మూడు మిగిలాయి: కింద పాటల లెక్క గొడవ, సెరాటో స్టెమ్స్‌తో (పాటని గొంతు, డ్రమ్స్ లాంటి భాగాలుగా విడదీసే సదుపాయం) గొంతు తీసేసి వాడొచ్చా, లైసెన్స్.

---

నడక_ముఖ్యం

పాటల లెక్క: కింద ప్రైవేట్ డాన్స్‌కి డబ్బు పాటకింత కాబట్టి పాట ఎక్కడ మారిందో గది మొత్తానికి తెలియాలి. మాటలున్న పాట మారితే గొంతే చెబుతుంది. మాటల్లేని రెండు ట్రాకుల్ని ఒకే బీపీఎంలో నున్నగా కలిపారంటే కస్టమర్ "ఒక్క పాటేగా" అంటాడు, డాన్సర్ "రెండు" అంటుంది, ఇద్దరి మాటా అబద్ధం కాదు. ఈ సెట్లలో బీట్ మిక్సింగ్ మానేయండి. మొదటిది ముక్తాయింపుతో ఆగాలి, ఒక సెకను ఖాళీ, మైక్‌లో "రెండో పాట" అని ఒక్క ముక్క, తర్వాత వేరే టెంపోలో వేరే వాయిద్యంతో రెండోది. రెండు ట్రాకుల నిడివిలో 15 సెకన్లకి మించి తేడా రానీయకండి. ఒకటి రెండు నిమిషాలు, ఇంకొకటి మూడు అయితే కింద ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు మోసపోయినట్టే.

స్టెమ్స్: అత్యవసరమైతే సరే. హైహ్యాట్లలో గొంతు మిగిలిపోతుంది, రివర్బ్‌లో దెయ్యంలా వినపడుతుంది, స్నేర్ పదును పోతుంది. చిన్న స్పీకర్‌లో తెలియదు, మీ సిస్టంలో తెలుస్తుంది. అధికారిక ఇన్‌స్ట్రుమెంటల్ ఉంటే అది కొనండి. కరోకే వెర్షన్ వేరే మనుషులు వాయించిన నకలు, డ్రమ్స్‌లో జీవం ఉండదు. బీట్ అమ్మే సైట్లలో అయితే ట్యాగ్ లేని ఫైల్ తీసుకోండి. ఉచిత ఫైల్‌లో నిర్మాత పేరు గుసగుసగా ప్రతి అర నిమిషానికీ వస్తుంది, మాటలు వద్దన్న డాన్సర్‌కి అంతకన్నా చిరాకు లేదు.

---

ఈకల_విసనకర్ర

లైసెన్స్: అమెరికాలో పబ్లిక్ పర్‌ఫార్మెన్స్ లైసెన్స్ తీసుకోవాల్సింది క్లబ్. యాస్కాప్, బీఎంఐ, సెసాక్, జీఎంఆర్ అని ప్రధానంగా నాలుగు సంస్థలు, ఏయే వాటికి కడుతున్నారో మేనేజర్‌ని అడగండి. మాటలు లేవు కాబట్టి అక్కర్లేదనే అపోహ ఉంది. హక్కు స్వరకల్పన మీద, అందులో సాహిత్యం ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. దావా పడితే చట్టం ప్రకారం ఒక్కో రచనకి 750 నుంచి 30,000 డాలర్ల దాకా, తెలిసి చేశారని తేలితే 1,50,000 దాకా వేయొచ్చు. స్పాటిఫై సొంత అకౌంట్ నుంచి క్లబ్‌లో వేయడం వాళ్ల షరతులకి విరుద్ధం, ఫైల్ కొనుక్కోవాలి.

క్రియేటివ్ కామన్స్ ట్రాకుల్లో నాన్-కమర్షియల్ గుర్తు ఉన్నవి క్లబ్‌కి పనికిరావు. లీజుకి తీసుకున్న బీట్‌కి ఒప్పందంలో పర్‌ఫార్మెన్స్ షరతు చదవండి, ఒక్కొక్కరిది ఒక్కో రకం. 1930కి ముందు ప్రచురించిన స్వరాలు అమెరికాలో అందరివీ, కానీ వాటి కొత్త రికార్డింగ్ మీద హక్కులు వేరుగా ఉంటాయి.

---

డల్లాస్_డెక్

ఒక్క చివరి డౌటు. స్పిన్ పోల్ ఆమె వేరే క్లబ్‌లో కూడా చేస్తుంది. ఫైళ్లు ఎలా ఇవ్వాలి?

---

మోనో_మామ

యూఎస్‌బీని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని పయనీర్ ప్లేయర్లు చదవవు. ఫైల్ పేరులో ఆమె స్టేజ్ పేరు, వరుస సంఖ్య, బీపీఎం, నిడివి రాయండి, ఆ క్లబ్ డీజే తెరిచి చూడకుండానే వేసేలా. ట్రాక్ ముందు అర సెకను నిశ్శబ్దం ఉంచండి, వెనక రెండు సెకన్లు. వెనక ఖాళీ లేకపోతే కొన్ని ప్లేయర్లు తర్వాతి ఫైల్‌లోకి దూకేసి మీరు కష్టపడి పెట్టిన ముక్తాయింపుని మింగేస్తాయి. వేవ్ అయితే 16 బిట్, 44.1లో ఇవ్వండి, పాత మెషీన్లు కొన్ని 96 కిలోహెర్ట్జ్ ఫైల్ చూసి ఎర్రర్ కొడతాయి.